భుజం మార్చుకోవడం నేర్చిన రేడియో

ఆ పెట్టె బరువు కాగితం మీద ఆరు కిలోలు. జీపు ఆగిపోయిన చోట దాన్ని నెత్తికెత్తుకున్నప్పుడు అరవై. మొదటి వాగు దాటేసరికి ఆరువందలు. కొండ పైకి చేరేసరికి నేను మోస్తున్నది పెట్టెనా, కొండనా అన్న అనుమానం వచ్చింది. పెట్టెకు తోడు కారు బ్యాటరీ ఒకటి. దాన్ని ఇంకొకాయన నవ్వుతూ మోశాడు. ఆయన నవ్వు నా నడక చూసి పుట్టింది గానీ బ్యాటరీ తేలికై కాదు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. విశాఖపట్నంలో పాన్‌షాపు దాకా వచ్చిన సెల్‌ఫోను అరకు లోయ పైనున్న కొండల్లోకి ఇంకా ఎక్కలేదు. నేనప్పుడు ఒక చిన్న పరిశోధనశాలలో ఇంజనీర్ని. నా ఉద్యోగం పేరు మా అత్తగారికి చెబితే, కాసేపు ఆలోచించి, "పోనీలే నాయనా, ఏదో ఒకటి" అంది. ఆవిడకు చెప్పలేకపోయింది మీకైనా చెబుతాను.

మామూలు రేడియోలో పనంతా తీగచుట్టలూ చిన్న చిన్న భాగాలూ చేస్తాయి. దాని తీరు మారాలంటే టంకం కాచుకోవాలి. మా రేడియోలో ఆ పని కంప్యూటరు ప్రోగ్రాము చేస్తుంది. ప్రోగ్రాము మారిస్తే రేడియో మారిపోతుంది. దీన్నే సాఫ్ట్‌వేర్ రేడియో అంటారు. ఇక రెండు రేడియోలు మాట్లాడుకోవాలంటే వాటి మధ్య కొన్ని కట్టుబాట్లుండాలి. అవే ప్రోటోకాల్. ఆ కట్టుబాట్లు ఆఫీసుకు తీసుకెళ్లే నాలుగు గిన్నెల క్యారేజీలా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అడుగు గిన్నె మాటను గాలిలోకి ఎలా విసరాలో చూసుకుంటుంది. దాని మీదది ముందు ఎవరు మాట్లాడాలి, ఎవరు నోరు మూసుకోవాలి అన్న పంచాయితీ తీరుస్తుంది. మూడోది దారిలో రాలిపోయిన ముక్కల్ని మళ్లీ అడిగి తెప్పిస్తుంది. పై గిన్నెలో మనుషుల మాట ఉంటుంది. మామూలు రేడియోల్లో ఈ గిన్నెలన్నీ ఒకదానికొకటి అతుకు పెట్టి వస్తాయి. పై గిన్నెలో అన్నం తింటూ ఉండగానే, ఒక్క మెతుకు కింద పడకుండా, అడుగు గిన్నె తీసి ఇంకో గిన్నె పెట్టాలన్నది మా ఆశ. ఇది మానవజాతి చరిత్రలో నిప్పు తర్వాత అంతటిదని అప్పట్లో నా గట్టి నమ్మకం. చక్రం కొంచెం వెనకబడింది.

గిన్నె మార్చడం ఎందుకంటే, మాకు అడుగు గిన్నెలు రెండున్నాయి. ఒకదాని పేరు దౌడు. గాలి పొడిగా ఉన్నప్పుడు అది గొంతును గలగలా మోస్తుంది. రెండోది నడక. వానకు దారిలోని చెట్ల ఆకులన్నీ తడిసి మా తరంగాల్ని తాగేస్తున్నప్పుడు అది నెమ్మదిగా, ఒక్కో మాటా సాగదీసి, బొంగురుగానైనా సరే చేరవేస్తుంది. కొండల్లో పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన. కాబట్టి పెట్టె తనంతట తాను దౌడు నుంచి నడకకూ, నడక నుంచి దౌడుకూ మారాలి.

ప్రయోగశాలలో ఒకే బల్ల మీద రెండు పెట్టెలూ రెండడుగుల దూరంలో పెట్టి లెక్కలేనన్నిసార్లు మార్చాను. నా కుడిచేయి ఒక పెట్టె మీద, ఎడమచేయి రెండోదాని మీద ఉండేవి. ఎంత గొప్పగా మారేవో! ఒక పెట్టెను లోయలో ఆసుపత్రిలోనూ, రెండోదాన్ని కొండ మీద ఆరోగ్య ఉపకేంద్రంలోనూ పెట్టమని మా పెద్దసారు నన్ను పంపించాడు. "శుక్రవారం నేనే వచ్చి చూస్తా. నిలబడితే పెట్టె ఉంటుంది. పడుకుంటే ఇంకో కొండవాళ్లు అడుగుతున్నారు, వాళ్లకు ఇచ్చేస్తా" అన్నాడు. ఆయన మాట రెండోసారి చెప్పే మనిషి కాదు. మొదటిసారి కూడా సగమే చెబుతాడు.

ఉపకేంద్రం అంటే రెండు గదులు, ఒక అరుగు, ఒక నర్సమ్మ. ఆవిడది విజయనగరం వైపు పల్లె. కొండెక్కి పదేళ్లయింది. నేను చెమటతో ఒక చెరువు సృష్టించి అరుగు మీద కూలబడితే, ఆవిడ లోటాతో చోడి అంబలి, అదే రాగిజావ, ఇచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏటి బాబూ ఇది? పాటలొత్తాయా?"

"పాటలు రావక్కా. దీంతో మీరు కింద డాక్టరమ్మతో మాట్లాడొచ్చు."

ఆవిడ మొహం మారిపోయింది. నవ్వు పోయి, అంతకంటే మంచిదేదో వచ్చింది.

"నిజమేనా? నాకు పాటలొద్దు బాబూ, ఆ గొంతు ఇనబడితే సాలు. ఇక్కడ ఎవులికి కడుపునొప్పొచ్చినా, పురిటినొప్పులొచ్చినా, డోలీ కట్టాలా వద్దా అని నానే సెప్పాలి. కట్టించేసి, తీరా కింద ఏటీ నేదంటే నలుగురు మగోళ్లకి ఒక రోజు పని పోయినట్టు, మనిసి ఒళ్లు హూనమైనట్టు. కట్టించకపోతే..."

ఆ రెండో వాక్యం ఆవిడ పూర్తి చెయ్యలేదు. పదేళ్లలో ఎప్పుడో ఒకసారి అది పూర్తయి ఉంటుందని నాకనిపించింది.

డోలీ తెలియనివాళ్లకు: పొడవాటి దుంగకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని దిగుతారు. అలిసినప్పుడు ఇంకో ఇద్దరు అందుకుంటారు. రోడ్డు లేని చోట అదే అంబులెన్సు.

సోమవారం పెట్టె బిగించి నేను లోయకు దిగిపోయాను. మంగళవారం పొద్దున్న ఆసుపత్రి పెట్టె ముందు డాక్టరమ్మను కూర్చోబెట్టాను. బొత్తాం నొక్కగానే కొండ మీది గొంతు ఎంత తేటగా వచ్చిందంటే, నర్సమ్మ వెనకాల కోడి కూడా మాతోనే మాట్లాడుతోందనిపించింది.

"డాక్టరమ్మా! నానేనమ్మా! ఇనబడతన్నానా?"

"వినబడుతున్నావమ్మా. అరవకు, చెవి పోతోంది."

"అరుత్తానమ్మా! పదేళ్ల నుంచి అరుత్తన్నాను, ఇయ్యాలే ఇన్నారు!"

వాళ్లిద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. పక్కన నిలబడి నేను ఆకాశానికి ఎగిరి, బొర్రా గుహల మీదుగా ఒక చుట్టు తిరిగి, మళ్లీ వచ్చి నిలబడ్డాను.

మధ్యాహ్నం వాన దిగింది. గొంతు ముక్కలైంది. "డా... మ్మా... బడ..." అంటోంది పెట్టె. ఇదీ అసలు ఘట్టమని చేతులు రుద్దుకుని, మారమని చెప్పే మీట నొక్కాను; తనంతట తాను మారడం పెట్టెకింకా నేర్పలేదు. మా పెట్టె గాలిలోకి "నడకకు మారు" అని కేకేసింది. కేకేసి, ఆ క్షణానే తానూ మారిపోయింది. నేను రాసింది అలాగే. ఆ కేక కాస్తా దారిలో తడిసిన ఆకుల్లో ఇంకిపోయింది. కొండ మీది పెట్టెకు ఏమీ తెలియదు. అది దౌడులోనే ఉంది, ఇది నడకలో ఉంది. ఇది తెలుగులో పిలుస్తుంటే అది ఒడియాలో చెవులు రిక్కించి కూర్చున్నట్టు. "మళ్లీ మారు" అని చెబుదామంటే ఆ మాట కూడా ఈ భాషలోనే చెప్పాలి కదా! తిరిగి దౌడుకు తెచ్చి పిలిచాను. ఈలోగా నర్సమ్మ, పాపం, నేను నేర్పిన ప్రకారం తన వైపు మీట నొక్కింది. అది నడకకు వెళ్లింది. ఇలా సాయంత్రం దాకా మేమిద్దరం ఒకరినొకరు వెతుక్కుంటూ ఒకరి వెనకాల ఒకరం తిరిగాం. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాణ్ణి లోకం చూసింది. నరికి, ఆ గొడ్డలిని కూడా కింద పారేసుకున్నవాణ్ణి మాత్రం నేనే.

బుధవారం తెల్లవారగానే కొండెక్కడం మొదలెట్టాను. సగం దారిలో, కాఫీతోటలు మొదలయ్యేచోట, పైనుంచి ఒక డోలీ దిగుతూ ఎదురైంది. వెనకాల గొడుగు వేసుకుని నర్సమ్మ.

"వచ్చాడండీ మారాజు!" అంది నన్ను చూడగానే. "నిన్న సందకాడ నుంచి ఈ ముసిలమ్మ కడుపునొప్పని పొర్లుతాంది. నీ పెట్టి కాడ కూకుని డాక్టరమ్మా, డాక్టరమ్మా అని అరిసి అరిసి నా గొంతు పోనాది. ఆకరికి డోలీ కట్టించాను. ఏటి సేత్తన్నావు బాబూ నువ్వు కింద?"

వెనక్కి తిరిగి వాళ్లతోపాటే దిగాను. డోలీ మోస్తున్నవాళ్లలో ముందున్నాయన ముసలాయన. ఆయన వయసు అరవై అన్నారు గానీ కాళ్ల వయసు ఇరవై. సిగ్గేసి, "తాతా, కాసేపు నేను పడతాను" అన్నాను. నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముసలాయన నన్ను ఎగాదిగా కొలిచి, "ఎనక పట్టు బాబూ. ఏడుపొత్తే సెప్పు" అన్నాడు.

నేను ఆ డోలీని పన్నెండు మైళ్లు మోశానని మా పిల్లలకు చెబుతుంటాను. నిజానికి అరవై అడుగులు. నలభయ్యో అడుగులో భుజం కోసుకుపోతుంటే, నాకు తోచినట్టు దుంగను ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చాను. దుంగ మెలి తిరిగింది. డోలీ ఊగింది. లోపల ముసలమ్మ నా వంశాన్ని మూడు తరాల వెనక్కి వెళ్లి పలకరించింది. ముందున్న ముసలాయన ఒక్క మోకాలు వంచి బరువంతా ఆపేశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ముసలమ్మా నేనూ కలిసి లోయలో కాఫీ తాగేవాళ్లం.

"అలగ మార్సీయడవేనా బుజం?" అన్నాడు ముసలాయన వెనక్కి తిరక్కుండానే. "ఎవులికి సెప్పి మార్సావు?"

"నొప్పెట్టింది తాతా."

"నొప్పి నీకు. డోలీ ఇద్దరిదీ. ముందోడు 'బుజం' అని కేకెయ్యాల. ఎనకోడు 'ఊఁ' అనాల. ఊఁ ఇనబడకపోతే ముందోడు మార్సకూడదు, పాత బుజం మీదే నడవాల. ఇనబడితే మూడడుగులేసి నాలుగో అడుగులో ఇద్దరూ ఒక్కపాలి మార్సాల. మార్సినాక ముందోడు మళ్లీ కేకెయ్యాల. ఎనకోడు పలక్కపోతే, డోలీ ఊగితే, ఇద్దరూ మారుమాట నేకుండా పాత బుజానికొచ్చీయాల. కాలు జారే కాడ మా తాతలకాడ్నుంచీ ఇదే."

దుంగ కిందే నిలబడిపోయాను. "తాతా, మళ్లీ చెప్పు!" అన్నాను.

"నడుత్తా సెప్తాను, నడు."

నడుస్తూ మళ్లీ చెప్పాడు. మూడోసారి కూడా చెప్పించుకున్నాను. నాలుగోసారి అడిగితే నర్సమ్మ, "ఇతనికి కూడా డోలీ కట్టాలేమో సూడండర్రా" అంది. కానీ నాకప్పటికే వినబడడం లేదు. నేను ప్రయోగశాలలో రెండు చేతులతో రెండు పెట్టెల్నీ ఒకేసారి మార్చాను. అంటే ముందోడూ నేనే, వెనకోడూ నేనే. నా డోలీకి 'ఊఁ' అనే మనిషి అవసరం ఎప్పుడూ రాలేదు. అందుకే ఆ 'ఊఁ' నా ప్రోగ్రాములో లేదు!

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముసలమ్మ కడుపు నొక్కి చూసి, "ఏం తిన్నావు?" అంది.

"పనస తొనలమ్మా."

"ఎన్ని?"

ముసలమ్మ సిగ్గుపడి పైట నోటికడ్డం పెట్టుకుంది. పక్కన డోలీ దించిన నలుగురూ ఒక్కసారి నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. నా వైపు చూసి, "ఈ ఒక్క ముక్క నిన్న కొండ మీదే అడిగుంటే..." అంది. శుక్రవారం సంగతి దారిలో చెప్పాను, ఇంక రెండు రోజులే ఉన్నాయని ఆవిడకూ తెలుసు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి బెంచీ మీద, ఓపీ చీటీల వెనకవైపు, ముసలాయన చెప్పింది చెప్పినట్టు గీసుకున్నాను. ఒక గీత ముందోడు, ఒక గీత వెనకోడు. గొంతు చిరగ్గానే, మీటతో పని లేకుండా కేక, ఊఁ, మూడడుగులు, మార్పు, మళ్లీ కేక. పలుకు రాకపోతే పాత భుజం. అడుగు గిన్నె మారేంతసేపూ పై గిన్నెలో మాట ఒలికిపోకుండా మూడో గిన్నె దాన్ని పట్టి ఉంచాలి. ఎవరికైనా ఎంతసేపటికీ పిలుపు వినబడకపోతే, ఎదుటివాడికి ఏమైందో ఆలోచించకుండా తనంతట తాను పాత కట్టుబాటుకే వచ్చి కూర్చోవాలి. ఇంతే. ముప్ఫై చీటీలు అయిపోయాయి. కాంపౌండరు నా చేతిలోంచి కట్ట లాక్కుంటూ, "బాబూ, రోగులకి కూడా కొన్ని ఒగ్గీయండి" అన్నాడు. వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాము రాస్తుంటే నా వేళ్ల వేగానికి మీటల మీది అక్షరాలు ఎగిరి గోడకు అతుక్కున్నాయని నేనంటే మీరు నమ్మరు. పోనీ, సగం అతుక్కున్నాయి.

గురువారం ఆ ప్రోగ్రాము ఆసుపత్రి పెట్టెలో ఎక్కించి, సీడీలో కూడా పెట్టుకుని నర్సమ్మతో కొండెక్కాను. పై పెట్టెలో ఎక్కించి, అక్కడే ఉండిపోయాను. ఆ రోజు చుక్క వాన పడలేదు. నా జన్మలో వాన కోసం అంత ఆత్రంగా చూసిన రోజు లేదు. రైతులు కూడా నన్ను చూసి జాలిపడ్డారు.

శుక్రవారం పదకొండు గంటలకు మా పెద్దసారు కొండెక్కి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది, బురద మాత్రం నడుం దాకా ఉంది. చంకలో రెండు గోనెసంచులు. పెట్టె సర్దడానికే వచ్చాడన్నమాట. నన్ను పలకరించలేదు, ఊపిరి ఉంటే కదా! అరుగు మీద ఒక చూలింత పిల్ల, ఇక్కడివాళ్ల మాటలో గుంట, పడుకుని ఉంది. తొలి కాన్పు. పొద్దుటి నుంచి నొప్పులు. డోలీ సిద్ధంగా ఉంది. ముసలాయన ఆకాశం వైపు చూసి, "వాగు పొంగకముందే దిగిపోవాల. బేగి తెమలండి" అంటున్నాడు. మబ్బు కిందికొచ్చేసింది.

"బయల్దేరండి. డాక్టరమ్మని అడిగి నాను ఎనకే వత్తాను" అంది నర్సమ్మ. ఆవిడకు పెట్టె మీద నమ్మకం సగమే ఉంది, ఆ సగం కూడా నా మొహం చూసి అరువిచ్చింది. డోలీ కదిలింది. గుంట తల్లి వెనకే ఏడుస్తూ నడిచింది.

నర్సమ్మ పెట్టె ముందు కూర్చుని పిలిచింది. డాక్టరమ్మ పలికింది. "నొప్పి ఎంతసేపటికొకసారి..." అనేలోగా వాన దిగింది. ధబధబా దిగింది. గొంతు చిరిగిపోయింది. పెట్టె తెర మీద ఒక గీత వెలిగింది. మా పెట్టె 'భుజం' అని కేకేసింది.

ఊఁ రాలేదు.

పెద్దసారు గోనెసంచి విప్పాడు. కానీ పెట్టె మారలేదు! పాత భుజం మీదే నిలబడింది. అటువైపు గొంతు తునకలు తునకలుగా వస్తూనే ఉంది. "చూశారా సార్! మారలేదు! మారలేదు!" అని నేను గంతులేశాను. పెద్దసారు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. మారడం కోసం పుట్టిన పెట్టె మారనందుకు గంతులేసేవాణ్ణి ఆయన మాత్రం ఇంకెక్కడ చూసి ఉంటాడు!

పెట్టె మళ్లీ కేకేసింది. ఊఁ! వచ్చింది! ఒకటి, రెండు, మూడు, మార్పు. మళ్లీ కేక. మళ్లీ ఊఁ! డాక్టరమ్మ గొంతు బావిలోంచి వచ్చినట్టు, బొంగురుగా, కానీ ఒక్క అక్షరం తెగకుండా, ఆగిన వాక్యం ఆగిన చోటి నుంచే అందుకుంది. "...వస్తోంది?"

"ఒకపాలి పావుగంటకి, ఒకపాలి గంటకి. వరస నేదమ్మా" అంది నర్సమ్మ.

"ఉమ్మనీరు పోయిందా? బీపీ ఎంత? బిడ్డ గుండె విన్నావా?"

నర్సమ్మ ఒక్కోటీ చెప్పింది. నేనూ పెద్దసారూ ఒకే ఊపిరి పంచుకున్నాం.

"ఇవి అసలు నొప్పులు కావమ్మా. ఈ వానలో డోలీలో కుదిపితే అసలు నొప్పులు దారిలో వచ్చేస్తాయి. తిప్పి తీసుకురా. నీ దగ్గరే పడుకోబెట్టు. గంట గంటకీ నాకు చెప్పు. నొప్పులు వరసలో పడితే నేను జీపు రోడ్డు దాకా పంపి ఉంచుతాను, అప్పుడు దింపుదురుగాని."

నర్సమ్మ లేచేలోగా నేను గుమ్మం దాటేశాను. అంత బురదలో, అంత వాలులో, నేను పరుగెత్తిన వేగానికి వానచినుకులు నా వెనకాల పడ్డాయి. మూడుసార్లు జారాను. మూడోసారి జారినప్పుడు డోలీని దాటేసి పది అడుగుల ముందు లేచి నిలబడ్డాను.

"తాతా! వెనక్కి! డాక్టరమ్మ వెనక్కి రమ్మంది!"

"ఎవులు సెప్పారు? నీ పెట్టా?"

"డాక్టరమ్మే! నొప్పులు అసలువి కావంట! పైనే పడుకోబెట్టమంది!"

ముసలాయన డోలీలోకి తొంగి చూశాడు. దుప్పట్లోంచి గుంట, "తిప్పీ తాతా, నాకు భయమేత్తంది కిందికెల్లడం" అంది. తల్లి ఏడుపు ఆపి ముక్కు చీదుకుంది.

పైకొచ్చేసరికి నర్సమ్మ గదిలో పక్క సిద్ధం చేసి ఉంచింది. గుంటను పడుకోబెట్టి, గోడ గడియారం వైపు చూసుకుంది. పెద్దసారు ఇంకా పెట్టె పక్కనే గోనెసంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాసేపు ఆ సంచి వైపు, కాసేపు లోపలి గది వైపు చూశాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, పెట్టె ముందు నేల మీద పరిచి, దాని మీద కూర్చుని బురద కాళ్లు చాపాడు.

"ఇది ఇక్కడ ఉండనీ" అన్నాడు నాతో, మెల్లగా. "ఆ కొండవాళ్లకి ఇంకోటి చేద్దాం. ఆవిడతో నువ్వే చెప్పు."

నేను నోరు తెరిచేలోగా నర్సమ్మ లోపల్నుంచి వచ్చింది. చేతిలో గుంట నొప్పుల వేళలు రాసుకున్న కాగితం.

"సారూ," అంది పెద్దసారుతో, "గంటయ్యింది. జరగండి."

మా పెద్దసారు జరిగాడు.